చేబదులు తెచ్చుకున్న సముద్రం

ఇంట్లో ఉప్పునీటి తొట్టె పెట్టుకోవడం ఇప్పుడు డబ్బుతో పని అయిపోయింది. మా రోజుల్లో అది తిథితో పని. అమావాస్య ఎప్పుడు, పున్నమి ఎప్పుడు, ఆ మర్నాడో మూడోనాడో సముద్రం ఎంత వెనక్కి తగ్గుతుంది, అప్పుడు ఏ రాళ్లు బయటపడతాయి అనేవి తెలిసినవాడి ఇంట్లోనే తొట్టె ఉండేది. ఇవాళ ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే గాజు తొట్టె, దీపాలు, ఉప్పు బస్తా, నారింజ రంగు చేప అన్నీ గుమ్మంలో దిగుతున్నాయి. దిగితే దిగనివ్వండి. అది చాలక ఆదివారం పూట బకెట్టు పట్టుకుని రాళ్ల మీదికి వెళ్లి, కంటికి కనిపించినదల్లా ఊడబెరుక్కుని వచ్చి అందులో వేస్తున్నారు. నా కోపమంతా ఆ బకెట్టు మీద.

ఆంధ్ర తీరం పొడుగునా చాలావరకు ఇసకే. రాతి తీరం కావాలంటే మా విశాఖపట్నం వైపు రావాలి. యారాడ, డాల్ఫిన్స్ నోస్ మొదలుకుని లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి దాకా అక్కడక్కడ తూర్పు కనుమల రాయి తిన్నగా నీళ్లలోకి దిగిపోతుంది. ఆటు సమయానికి ఆ రాళ్ల సందుల్లో నీళ్లు నిలిచి గుంటలు తేలతాయి. అమావాస్యకీ పున్నమికీ ఇక్కడ పోటుకీ ఆటుకీ మధ్య తేడా మీటరున్నరకి కాస్త అటూ ఇటూ, అంతే. గుజరాత్ వాళ్లకున్నట్టు మైళ్ల కొద్దీ నేల బయటపడదు. ఉన్నది సన్నటి పట్టీ. ఆ కాస్త పట్టీలోనే జీవాలన్నీ మెట్లు మెట్లుగా సర్దుకుని ఉంటాయి. చిన్న చోటు గనకే చెయ్యి తొందరపడితే త్వరగా ఖాళీ అవుతుంది.

ఆ మెట్లు తెలియకపోతే తొట్టె పెట్టకూడదని మాకు చెప్పేవారు. పై మెట్టు గుంటలు మిట్టమధ్యాహ్నం ఎండకి మరిగిపోతాయి, వాన పడితే చప్పబడిపోతాయి. అక్కడ బతికే చిన్న నత్తలు, గుల్లల్లో కాపురముండే పీతలు ఎంత వేడికైనా, ఉప్పు ఎంత మారినా తట్టుకుంటాయి. నడిమి మెట్టులో రాతికి కరుచుకున్న బార్నకిల్స్, రాతి ఆల్చిప్పలు, గొడుగు ఆకారం గుల్ల ఉన్న లింపెట్లు. అడుగు మెట్టు మహా ఆటు నాడు తప్ప కనిపించదు. సీ అనిమోన్లు, సీ అర్చిన్లు, సర్గాసం నాచు తివాచీ, దాని కింద దాక్కునే వింత ప్రాణులన్నీ అక్కడివే. వాటికి నీటి వేడి ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండాలి, అల ఎడతెగకుండా కొట్టాలి. అందంగా ఉండేవి అవే, ఇంట్లో ముందు చచ్చేవీ అవే. మేం పై మెట్టు దాటి చెయ్యి పెట్టేవాళ్లం కాదు. ఇప్పుడు తిన్నగా అడుగు మెట్టుకే దిగుతున్నారు, ఫొటోకి బావుంటుందని.

వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ విభాగం ఉండడం ఈ ఊరి అదృష్టం. ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి గారి కాలం నుంచీ సముద్ర జీవశాస్త్రం అంటే ఇక్కడ క్లాసు గదితో ఆగేది కాదు. ఎత్తు మీదున్న యూనివర్సిటీ నుంచి దిగి నడిస్తే తీరం. విద్యార్థులు గాజు సీసాలు పట్టుకుని రాళ్ల మీద వంగి కూర్చుని ఉండేవారు. వాళ్ల వెనక మాలాంటి పిల్లలం. మాకు వాళ్లెంత గురువులో, చేపలు పట్టే జాలారిపేట పెద్దలూ అంతే గురువులు. అక్కడి ముసలాయన ఒకాయన నేను రాయి తిప్పి వదిలేస్తే కేకేశాడు. "తిప్పిన రాయి మళ్లీ ఎలాగుందో అలాగే పెట్టు బాబూ, దానికింద కాపరాలున్నాయి" అన్నాడు. పుస్తకాల్లోనూ అదే రాసి ఉంటుందని తరవాతెప్పుడో తెలిసింది. రాయి కింది వైపు స్పాంజీలు, పురుగులు, చేపల గుడ్లు అతుక్కుని ఉంటాయి. అవి నీడలో, తడిలో బతికేవి. వాటిని ఎండకి తిప్పేసి పోతే ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతాయి. పైనున్న నాచు కిందికి పోయి కుళ్లిపోతుంది. ఒక్క రాయి తిప్పి మరిచిపోవడం అంటే రెండు వైపుల వాళ్లనీ చంపడం. ఈ మధ్య ఏ ఆదివారం సాయంత్రమైనా లాసన్స్ బే వైపు వెళ్లి చూడండి. బోర్లా పడ్డ రాళ్లు ఎన్ని కనిపిస్తాయో!

ఇక తొట్టె సంగతి. సిలికాన్ గమ్ముతో గాజు పలకలు అతికించడం మాకు తరవాతెప్పుడో వచ్చింది. అంతకు ముందు ఇనప ఫ్రేములో గాజులు బిగించి పుట్టీ పట్టించేవారు. ఉప్పునీటికి ఇనుము తుప్పు పట్టి, ఆ తుప్పు నీళ్లలో దిగేది. అందుకని చాలామందిమి గాజు కనిపించకపోయినా ఫరవాలేదని పాత పింగాణీ జాడీలు, పెరట్లో సిమెంటు తొట్టెలు వాడేవాళ్లం. కొత్త సిమెంటు తొట్టెని వారాల తరబడి నీళ్లు మార్చి మార్చి నానబెడితే గానీ సున్నపు ఘాటు పోయేది కాదు. పైనుంచి వంగి చూసేవాళ్లం. గుంటలోనూ పైనుంచే కదా చూస్తాం.

నీళ్లు సముద్రంలోంచే. ఎక్కడివి పడితే అక్కడివి పనికిరావు. గెడ్డలు కలిసే చోటికి దూరంగా, అల విరిగే చోటు దాటి ముంచాలి. గుడ్డలో వడకట్టి, మూత పెట్టి చీకట్లో కొన్నాళ్లు ఉంచితే అందులోని సూక్ష్మజీవాలు చచ్చి అడుగు పడతాయి, పైన తేరిన నీళ్లు వాడుకోవాలి. దానికీ కాలం చూసుకోవాలి. ఆశ్వయుజ కార్తికాల్లో మా సముద్రం చప్పబడుతుంది. వానాకాలం పొడుగునా గంగ, మహానది తెచ్చి పోసిన మంచినీళ్లన్నీ తీరం వెంబడి ప్రవాహంలో కిందికి దిగివస్తాయి. వేసవిలో ముంచిన నీళ్లున్న తొట్టెలో ఆ నీళ్లు ఒక్కసారిగా పోస్తే లోపలున్నది తట్టుకోలేదు. ఇప్పుడు లీటరుకి 35 గ్రాముల ఉప్పు అని ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది, కలిపేస్తారు. అంకె సరైనదే. మన సముద్రం మాత్రం ఏడాది పొడుగునా ఆ అంకె మీద నిలబడదు. ఇక్కడి గుంటలో పుట్టిన ప్రాణికి ఆ రుతువులు తెలుసు, తెచ్చుకునేవాడికే తెలియడం లేదు.

తొట్టెలో నీరు ఆవిరైతే ఉప్పు మిగిలిపోతుంది, నీరే తగ్గుతుంది. అందుకని గాజు మీద గీత గీసి, తగ్గిన మేరకి మంచినీళ్లే పోయాలి. సముద్రపు నీళ్లు పోస్తూ పోతే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది. ఈ చిన్న సంగతి తెలియక చంపిన ప్రాణులు లెక్కలేనన్ని. వేసవిలో తడి గోనె చుట్టేవాళ్లం. కరెంటు పోతే గాలి పంపు ఆగిపోతుంది. అప్పుడు చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తూ కూర్చోవడమే. అన్నా థిన్ అనే ఆవిడ 1846లో టార్కీ తీరం నుంచి పగడపు జీవాల్ని లండన్ తెచ్చుకుని సరిగ్గా ఇలాగే బతికించింది. ఇంట్లో పనిమనిషి చేత కిటికీ దగ్గర నీళ్లు ఎత్తి పోయించేది. ఆ కథ చదివినప్పుడు మా పెరడు గుర్తొచ్చింది.

ఇంకా ముఖ్యమైనది ఓపిక. ప్రాణి విసర్జనలోంచీ మిగిలిపోయిన తిండిలోంచీ అమ్మోనియా పుడుతుంది. అది విషం. బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. తరవాత నైట్రేట్ చేస్తే గానీ నీరు కుదుటపడదు. ఆ బాక్టీరియా ఇసకలోనూ రాళ్ల మీదా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మాకు ఈ మాటలన్నీ తెలియని రోజుల్లో కూడా పెద్దవాళ్లు ముందు ఒక్క నత్తని వేసి నెల్లాళ్లు చూడమనేవారు. మూత తీసి వాసన చూడమనేవారు. గుంట దగ్గర వచ్చే వాసనే రావాలి, కుళ్లు వాసన వస్తే ఇంకేదీ వెయ్యకూడదు. ఇప్పుడు టెస్ట్ కిట్లున్నాయి, చుక్క వేస్తే రంగు మారి చెబుతుంది. ఎంత మంచి సదుపాయం! అది చేతిలో ఉండి కూడా తొట్టె తెచ్చిన రోజునే నింపేస్తున్నారు.

ఇన్ని పాట్లు పడి మేం ఉంచుకున్నవేమిటంటే కొన్ని నత్తలు, గుల్ల మోసే పీతలు, ఒకటో రెండో రొయ్యపిల్లలు, కుదిరితే గుంటల్లో గెంతుతూ తిరిగే వేలెడంత బ్లెన్నీ చేప. పీత పెరుగుతుంది గానీ గుల్ల పెరగదు కాబట్టి పక్కన పెద్ద గుల్లలు ఖాళీవి వెయ్యాలి. అది పాత గుల్ల వదిలి, కొత్తదాన్ని కాళ్లతో కొలిచి చూసుకుని, చటుక్కున అందులోకి మారిపోవడం చూడడానికి ఇంటిల్లిపాదీ మూగేవాళ్లం. అనిమోన్ జోలికి పోయేవాళ్లం కాదు, దాని పాదాన్ని రాతి నుంచి ఊడదీస్తే చిరుగుతుంది, చిరిగితే చాలావరకు బతకదు. లింపెట్ అంతకన్నా పట్టుదల గలది. చాలా రకాలు పోటు వేళ మేతకి తిరిగి, ఆటు వేళకి మళ్లీ తమ మచ్చ ఉన్న చోటికే వచ్చి కూర్చుంటాయి. గుల్ల అంచు ఆ రాతికే సరిపోయేలా అరిగి ఉంటుంది. దానికి ఇల్లు అంటే ఆ ఒక్క చోటే. దాన్ని స్క్రూడ్రైవరుతో పెకలించడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు.

కొన్నాళ్లకి మళ్లీ మహా ఆటు చూసుకుని, ఏ గుంటలోంచి తెచ్చామో ఆ గుంటలోనే వదిలి వచ్చేవాళ్లం. మా రోజుల్లో తొట్టె పెట్టడం అంటే అదేనండీ. పక్కింటి నుంచి కాఫీపొడి చేబదులు తెచ్చుకున్నట్టు సముద్రం దగ్గర తెచ్చుకోవడం, తిరిగి ఇచ్చెయ్యడం. అలా ఇవ్వగలిగామంటే తొట్టెలో ఉన్నదంతా ఆ తీరానిదే కావడం వల్ల. నీళ్లు అక్కడివి, ఇసక అక్కడిది, నాచు అక్కడిది. ఇప్పటి తొట్టెలో అది కుదరదు. దుకాణంలో కొన్న చేప ఏ దేశపు సముద్రంలో పట్టారో తెలియదు. ఉప్పునీటి అలంకార చేపల్లో చాలావరకు ఇవాళ్టికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. వాటితో పాటు వాటి రోగాలూ వస్తాయి. ఆ నీళ్లలో నెల్లాళ్లున్న మన పీతని తిరిగి గుంటలో వదిలితే దానితో పాటు ఏం వదులుతున్నామో చెప్పలేం. అట్లాంటిక్‌లో ఇవాళ లయన్ ఫిష్ అనే ఇండో-పసిఫిక్ చేప అక్కడి చేపపిల్లల్ని తినేస్తూ విస్తరించింది. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనిపించింది. ఎవరో ఇంటి తొట్టెల్లోంచి వదిలినవే మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాబట్టి కొత్త రకం తొట్టెలోకి వెళ్లిన తీరపు ప్రాణికి తిరుగుదారి లేదు. నా ఫిర్యాదంతా ఇదే.

మా పక్క అపార్ట్‌మెంటు కుర్రాడు మంచివాడు, చదువుకునేవాడు. ఒకసారి బకెట్టు తెచ్చి చూపించాడు. అందులో రెండు సీ కుకుంబర్లు, గీకి తీసిన అనిమోన్లు, గుప్పెడు సీ అర్చిన్లు. తిరిగి వదిలెయ్యమన్నాను. తల ఊపి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టాడు. "తాతగారూ, చేపలన్నీ తేలిపోయాయండీ, నీళ్లకి ఏమైంది?" అన్నాడు. సీ కుకుంబర్‌ని ఇబ్బంది పెడితే, అది చస్తే, దాని ఒంట్లోంచి విషం వెలువడుతుంది. విశాలమైన సముద్రంలో అది ఎవర్నీ ఏమీ చెయ్యదు. చిన్న తొట్టెలో చేపలన్నిటినీ చంపుతుంది. పైగా 2001 నుంచి సీ కుకుంబర్లు, సముద్రపు గుర్రాలు, దిబ్బలు కట్టే పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత ప్రాణులు. పులిని పట్టుకుంటే ఏ చట్టమో దీనికీ అదే చట్టం. ఆ మాట చెబితే కుర్రాడి మొహం పాలిపోయింది. అతనికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఉప్పు అమ్మినవాడు చెప్పలేదు, దీపాలు అమ్మినవాడు చెప్పలేదు. తొట్టె అమ్మే ప్రతివాడికీ ఈ మాట చెప్పే బాధ్యత ఉంది.

చేతికి వచ్చే ప్రమాదాలూ చెప్పాలి. రాళ్ల మీద బటన్లు పరిచినట్టుండే జోయాంథిడ్లలో కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. వాటిని రాతితో సహా తెచ్చి మరగబెట్టిన ఇళ్లలో ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. కోన్ నత్త గుల్ల ఎంత నునుపుగా, బొమ్మలేసినట్టుంటుందో దాని కోర అంత విషం. పిల్లలు గుప్పెట్లో మూసి తెస్తారు. మాకు జాలారిపేట వాళ్లు చూపించి చెప్పారు కాబట్టి తప్పించుకున్నాం.

ఈ గోల కొత్తది కాదు, ఇంగ్లండులో ఒకసారి జరిగిపోయింది. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1853లో డెవన్‌షైర్ తీరం గురించీ, 1854లో ఎక్వేరియం గురించీ పుస్తకాలు రాశాడు. అవి చదివి జనం రైళ్లెక్కి, సుత్తులూ సీసాలూ పట్టుకుని రాళ్ల మీద పడ్డారు. గుంటలు ఖాళీ అయ్యాయి. ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో రాసుకున్న పుస్తకంలో ఆ అందం ఎలా నాశనమైందో, దానికి తన పుస్తకాలే కారణమైనందుకు తండ్రి ఎంత నొచ్చుకున్నాడో చెప్పాడు. ఆ తండ్రికి ఆ ప్రాణులంటే భక్తి. ప్రేమ ఉన్నవాడి పుస్తకమే అంత పని చేస్తే, ఇప్పుడు ఫోన్‌లో ఒక్క వీడియో చాలు, వెయ్యి బకెట్లు బయల్దేరడానికి.

మా తీరం అసలే అలిసిపోయి ఉంది. గెడ్డల్లో పారే మురుగు, ప్లాస్టిక్, పండగల తరవాత రంగు విగ్రహాల శకలాలు, గట్టు కోసం పోసిన సిమెంటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరినీ తీరాన్నీ కుదిపేసింది. గాలివాన దెబ్బ నుంచి సముద్రం కోలుకోగలదు, అది దానికి అలవాటే. రోజూ వచ్చే చేతి నుంచి కోలుకోవడానికి దానికి వ్యవధి దొరకడం లేదు. ఒడ్డున దుకాణాల్లో గుల్లలు గుట్టలుగా పోసి అమ్ముతుంటే, ఇల్లు దొరకని పీత సీసా మూత మోసుకు తిరగాల్సి వస్తుంది.

ఈ రోజుల్లో మంచి లేదనను. ఆటు వేళ చూసుకుని పిల్లల్ని రాళ్ల మీదికి తీసుకెళ్లి, ఏదీ ముట్టకుండా చూపించి తీసుకొచ్చే యువకులు ఇదే ఊళ్లో ఉన్నారు. ఫోన్‌తో ఫొటో తీసి రకం పేరు తెలుసుకుంటున్నారు. మాకు ఒక నత్త పేరు తెలియాలంటే యూనివర్సిటీ మెట్లెక్కాల్సి వచ్చేది. నారింజ రంగు మీద తెల్ల చారల క్లౌన్ ఫిష్‌ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచి చూపించారు. ఇవన్నీ మాకు లేని భాగ్యాలు. ఇవన్నీ ఉండగా రాతిని గీకడం ఎందుకు?

కాబట్టి నా మాట ఇది. రంగుల చేపలు కావాలంటే తొట్టెల్లో పుట్టి పెరిగినవే కొనండి, దుకాణంవాణ్ణి గట్టిగా అడిగి మరీ కొనండి. ఆ తొట్టెలో తీరపు ప్రాణిని దేన్నీ వెయ్యకండి. మన గుంటల్లోవే ఇష్టమైతే ముందు ఒక ఏడాదిపాటు అమావాస్యకీ పున్నమికీ వెళ్లి ఊరికే చూడండి. ఏది ఏ మెట్టు మీద ఉంటుందో, కార్తికంలో ఎక్కడికి పోతుందో తెలుసుకోండి. ఆ తరవాత కూడా తెచ్చుకోవాలనిపిస్తే పై మెట్టు నత్తలు రెండు, గుల్ల పీతలు రెండు చాలు, అక్కడి నీళ్లలోనే ఉంచి అక్కడే వదిలెయ్యండి. అడుగు మెట్టుది దేన్నీ, చట్టం కాపాడేది దేన్నీ ముట్టకండి. తిప్పిన రాయిని తిప్పినట్టే పెట్టండి. బకెట్టు మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి.